చలికాలపు పెరడు

పెరటితోటను గూర్చి ముచ్చటింపుడని ఆకాశవాణివారు కోరినప్పుడు, ఏ మాసములో ప్రసంగింపవలెనని నేను మొదట అడిగితిని. ఆశ్వయుజమని వారు చెప్పిరి. మార్గశిరమని చెప్పియున్నచో మర్యాదగా తప్పించుకొని యుందును. ఏలయనగా, చలికాలపు కూరలను గూర్చి చలి వచ్చిన పిమ్మట చెప్పుట, విస్తళ్ళు ఎత్తిన తరువాత వడ్డనకు పూనుకొనుటవంటిది. మన తెలుగుదేశమున చలి కొద్దికాలపు చుట్టము. ఉత్తరాదివారి యింట నాలుగు నెలలు నిలుచునది మనయింట, అందును సముద్రతీర జిల్లాలవారి యింట, రెండు రెండున్నర నెలలకంటె నిలువదు. శివరాత్రికి చలి 'శివ శివా' యని పోవునని పెద్దలు చెప్పిన మాట యథార్థము. ఈ కొద్ది దినములను వినియోగించుకొన్నవారికి, ఏడాదిలో మఱెన్నడును దొరకని కూరలను పెరడు ఇచ్చును. జారవిడిచినవారు మరల పండ్రెండు మాసములు వేచియుండవలెను.

మా వీధిలో ఉద్యోగము చాలించిన ఉపాధ్యాయు లొకరు గలరు. నాలుగేండ్ల క్రింద వారు పట్నములో కాలీఫ్లవరు విత్తనములు కొనితెచ్చి, దీపావళి వెళ్ళిన పిదప మడిలో చల్లిరి. నారు చక్కగా మొలచినది. నాటిన మొక్కలు మోకాలెత్తు ఆకులు వేసినవి. భార్యాభర్త లిరువురు తెల్లవారకముందే లేచి వానికి నీళ్ళు పోసిరి. పువ్వు చూపింతుమని మనుమరాలికి ఆశపెట్టిరి. సంక్రాంతి పోయినది, రథసప్తమి పోయినది, శివరాత్రియు పోయినది; ఆకులే కాని పువ్వు కానరాలేదు. ఫాల్గుణములో ఆ మొక్కలన్నియు పెరికి పాలవాని గేదెకు వేసిరి. "మా నేల యిందుకు పనికిరాదండీ" యని నాతో చెప్పి, ఆ వేసవిలోనే పెరడంతయు నాపరాళ్ళు పఱపించిరి.

నేలపై పడిన ఆ నింద అన్యాయమైనది. వారు దాచియుంచిన విత్తనపు పొట్లమును నేను చూచితిని. అది చల్లని కొండప్రదేశములలో పువ్వు కట్టు రకము. మన తీరమున పుష్యమాసపు రాత్రియు దానికి ఎండకాలమే. అమ్మినవారు చెప్పలేదు, పొట్లముపైని బొమ్మయు చెప్పలేదు. ఒక్క పొట్లము మూలమున ఒక పెరడు రాళ్ళక్రింద పడిపోయినది. ఇట్టి పెరళ్ళు మన పట్టణములలో ఎన్ని యుండునో! ఈ ప్రసంగమునకు నేను ఒప్పుకొనుటకు ఆ పెరడే కారణము.

కావున ఏ విత్తనము, ఏ దినములలో, అను సంగతి మొదట చెప్పెదను. చలికాలము మొక్క కేమి యిచ్చునని అడిగినచో, అన్నిటికి చెల్లు సమాధానము లేదు. కొన్నిటికి కావలసినది చలి. కొన్నిటికి కావలసినది చలి కాదు, పొద్దు తగ్గుట. మఱికొన్ని రెంటిని కోరవు. ఎండదెబ్బ తప్పిన చాలునని బ్రదుకును. ఈ మూడు తెగలను కలగలిపి, అన్నిటికి చలికాలపు కూరలని యొక్క పేరు పెట్టుటచేతనే చిక్కులు వచ్చుచున్నవి.

చలినే కోరువానిలో కాలీఫ్లవరు మొదటిది. ఇది 1822లో ఇంగ్లాండునుండి మన దేశమునకు వచ్చినదనియు, సహారన్‌పూరులోని కంపెనీ తోటలో మొదట పెంచిరనియు వ్రాసియున్నారు. వచ్చినప్పుడది చలిదేశపు మొక్కయే. తరువాత ఉత్తరదేశపు తోటమాలులు ఏటేట మన యెండకు తట్టుకొన్న మొక్కలనుండియే విత్తనము కట్టుచు, వేడిలోను పువ్వు పెట్టు వంశము నొకదానిని తయారుచేసిరి. ఏ పుస్తకమును చూచి వారీ పని చేయలేదు. నాకు వారియెడ మిక్కిలి గౌరవము. ఆ వంశములోనివే పూసా కత్కి, పూసా దీపాలి అను రకములు. పగలును రాత్రియు కలిపి సగటున 20 మొదలు 27 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో ఇవి పువ్వు కట్టగలవు. స్నోబాల్ అను అందమైన తెల్లని రకమునకో, 10 మొదలు 16 డిగ్రీలు కావలెను. విజయవాడలో గాని కాకినాడలో గాని పుష్యమాసమునను అంత చల్లని సగటు దొరకదు. హైదరాబాదులో రాత్రివేళ 15 డిగ్రీల ప్రాంతమునకు దిగినను, పగటి యెండ దానిని మరల పైకి లాగును. కాబట్టి అంగడిలో "కాలీఫ్లవరు విత్తనములు" అని యడుగకుడు. వేడికి తట్టుకొని ముందుగా పూచు రకమే కావలెనని యడుగుడు. ఆ సంగతి చెప్పలేని అంగడివానివద్ద కొనకుడు.

ఈ ముందు రకమును భాద్రపద బహుళము మొదలు ఆశ్వయుజము ముగియువఱకు నారు పోయవచ్చును. నారుమడిలో నాలుగు వారములు, నాటిన పిమ్మట రమారమి రెండు నెలలు. లెక్క వేసికొన్నచో పువ్వు కట్టు దినములు మార్గశిర పుష్యములలో పడును. ఆదిలాబాదువంటి గట్టి చలిగల చోట్ల మాత్రము ఈ రకమును ఆలస్యముగా నాటరాదు. మొక్క యెదుగక మునుపే చలి తగిలి, గుండీవంటి చిన్న పువ్వు పెట్టి ఊరకుండును. పువ్వు పిడికిలంత యైనప్పుడు చుట్టునున్న ఆకులను దానిపైకి మడిచి నారతో కట్టుడు. ఎండ తగిలిన పువ్వు పసుపువన్నెకు తిరుగును. రుచియు కొంత తగ్గును.

క్యాబేజీ యింత పేచీ పెట్టదు. గోల్డెన్ ఏకర్ అను చిన్న గడ్డ రకము నాటిన రెండు నెలలకో, మఱి పది దినములకో చేతికి వచ్చును. క్రొత్తగా ప్రారంభించువారికి నేను చెప్పునది నూల్కోలు. దానిని చెడగొట్టుట కష్టము. క్యారెట్టులో మరల రెండు వంశములున్నవి. నాంటిస్ అను సీమరకమునకు మంచి చలి కావలెను, పూసా కేసర్ వంటి మన దేశపు రకము కొంత వేడిని సహించును. క్యారెట్టును, ముల్లంగిని నారు పోసి నాటరాదు, ఉన్నచోటనే విత్తవలెను. క్యారెట్టు మొలచుటకు పది దినములు పట్టును గనుక, అంతవఱకు మడిపై తడిగోనె కప్పి, మొలక కనబడిన నాడే తీసివేయవలెను. పచ్చిపేడ వేసిన మడిలో క్యారెట్టు రెండు మూడు కాళ్ళుగా చీలిపోవును. దానిని చూచి పిల్లలు నవ్వుదురు. తరుగువారు మాత్రము నవ్వరు. ఏడాది మాగిన పెంటయే వాడవలెను. ముల్లంగిని నలువదియైదు దినములకు మించి నేలలో ఉంచకుడు. బెండుపడి, కొఱికిన పీచు చేతికి వచ్చును.

ఇక పొద్దు సంగతి. మన తీరమున నడివేసవి పగలు 13 గంటలకు పైగా నుండును. డిసెంబరు చివరికి అది 11 గంటల చిల్లరకు తగ్గును. ఈ రెండు గంటల భేదమును మనము పట్టించుకొనము. పందిరి చిక్కుడు పట్టించుకొనును. ఆషాఢములో పెట్టినను శ్రావణములో పెట్టినను, పాతరకపు పాదు వానకాలమంతయు తీగ సాగుచునే యుండును. రాత్రి తగినంత పెరిగినగాని పూగుత్తి వేయదు. ఈలోగా ఇరుగుపొరుగువారు వచ్చి "ఇది గొడ్డుపాదు, పీకివేయుడు" అని సలహా చెప్పుదురు. వినకుడు. కార్తికములో ఒకనాటి యుదయమున పందిరి తెలుపును ఊదయు కలిసిన పూలతో నిండిపోవును. అటుపిమ్మట వారమునకు రెండుసార్లు కోసినను తరుగదు. వీధిదీపపు వెలుతురు రాత్రియంతయు బలముగా పడుచోట పందిరి వేయకుడు. పొద్దు తగ్గిన సంగతి పాదునకు తెలియక పూత వెనుకబడును.

రథసప్తమినాడు చిక్కుడుకాయలతో రథము కట్టి, చిక్కుడాకులలో పరమాన్నము పెట్టి సూర్యునకు నివేదించు ఆచారము మన యిండ్లలో కలదు. ఆనాటికి పందిరినిండ కాయ యుండును. పొద్దు పెరుగుకొలది పూత తగ్గును. సూర్యునకు చిక్కుడే యేల పెట్టవలెనని చిన్ననాట నేను మా తల్లిగారిని అడిగితిని. ఇప్పు డడుగను. శ్రావణములో పాదు పెట్టనివారు ఈ యేటికి వేఱొక ఉపాయము చూడవచ్చును. బెంగళూరు ఉద్యానవన పరిశోధనాలయమువారి అర్క జయ్, అర్క విజయ్ అను పొట్టిచిక్కుడులు పొద్దుతో నిమిత్తము లేకయే కాయును. పందిరియు అక్కఱలేదు. రుచిలో అవి పాత తీగచిక్కుడునకు సాటి కావని నా యభిప్రాయము. మా యింట ఈ విషయమున భిన్నాభిప్రాయము గలదు.

మూడవ తెగలోనిది టొమాటో. మా ప్రాంతపు ముసలమ్మలు దానిని రామములగ యందురు. దానికి చలి యక్కఱలేదు; వేడిరాత్రులు మాత్రము గిట్టవు. రాత్రి 15 మొదలు 20 డిగ్రీ లున్నప్పుడు పిందె నిలుచును. చైత్ర వైశాఖములలో పూత పూచినది పూచినట్లే రాలిపోవును. ఆశ్వయుజములో నారు పోసిన టొమాటో పుష్యమాసముననే గంపలకెత్తును. మొక్కకొక కఱ్ఱ పాతి కట్టినచో కాయ మట్టికి తగిలి కుళ్ళదు.

విత్తనము, తేది కుదిరినను పెరడు చెడుటకు ఇంకొక కారణము గలదు. అది యింటిగోడ. డిసెంబరు 21, 22 తేదులలో విజయవాడయందు నడిమధ్యాహ్నమున సూర్యుడు నడినెత్తిన నుండడు. దక్షిణమునకు ఒరిగి, నేలనుండి 50 డిగ్రీల యెత్తుననే యుండును. 10 అడుగుల గోడ ఆ వేళ ఉత్తరమునకు 8 అడుగులకు మించిన నీడ వేయును. ఉదయమున సాయంకాలమున నీడ ఇంకను పొడవు. జ్యేష్ఠములో సూర్యుడు మనకు కొంచెము ఉత్తరముగానే నడచును గనుక, ఆ మాసమున గోడకు ఉత్తరపు ప్రక్క మంచి యెండ కాయును. అప్పుడు చూచి అక్కడ మడి కట్టినవారు మార్గశిరములో మోసపోవుదురు. ఇంటికి దక్షిణమున చోటున్నవారు అదృష్టవంతులు. లేనివారు గోడకు పది యడుగుల ఎడముగా మడి కట్టవలెను. నీడలో పడిన కొద్ది నేలను వృథా చేయనక్కఱలేదు. పుదీనాకు అది చాలును.

నారుమడి జానెడు ఎత్తు చేయవలెను. కార్తికములో మన తీరమునకు తుపాను భయము కలదు. నెల్లూరు, చిత్తూరు ప్రాంతములలో అసలు వానలే ఆ నెలలలో పడును. చదునుమడిలోని నారు ఒక్క రాత్రి నీట మునిగిన చాలును, మఱునాడు మిగులునది బురదయే. అందుచేత నేను ఒక్కమాఱే విత్తనమంతయు పోయను. సగము ఇప్పుడు, సగము మూడు వారముల తరువాత. తుపాను మొదటి నారును తీసికొనిపోయినను రెండవది యుండును. రెండును బ్రదికినచో కూర యొక్కసారి వచ్చిపడక రెండు విడతలుగా వచ్చును. దక్షిణ జిల్లాలవారు రెండవ విడతనే ముఖ్యముగా ఎంచుకొనుట మంచిది. వానవేళ కప్పుటకు తాటాకు తడిక యొకటి సిద్ధముగా నుంచుడు.

గింజలను దట్టముగా చల్లకుడు. దట్టపు నారునకు గాలి తగులక, మొదలు మెత్తబడి, నిలిచిన మొలక నిలిచినట్లే వాలిపోవును. దీనిని నారుకుళ్ళు తెగులందురు. నీరు ఎక్కువ పోయువారి యింటనే యిది తఱుచు. ఉదయమున పోసి, సాయంకాలమునకు పైమన్ను ఆఱునట్లు చూచిన చాలును. చీమల బాధయు కలదు. విత్తిన సాయంకాలమే చీమలు వరుస కట్టి గింజలను మోసికొనిపోవును. మడిచుట్టు గుప్పెడు నూకలు చల్లుడు. చీమకు నూక తేలికగా దొరకునప్పుడు మన్ను త్రవ్వదు. ఇది మా తల్లిగారి పద్ధతి. ఇంతకంటె ఖరీదైన పద్ధతి నాకు పనికివచ్చినది లేదు.

ఆకుకూరలకు ఇంత ప్రయాస లేదు. మెంతి మూడు వారములకు కూర యగును. పాలకూర నెలకు మొదటి కోతకు వచ్చి, కోసినకొలది చిగుర్చును. కొత్తిమీర యొక్కదాని విషయములో ఒక మాట. ధనియము చూచుటకు ఒక్క గింజయైనను, నిజమునకు రెండు గింజల జంట. పీటక్రింద మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి, రాత్రి నానవేసి విత్తినచో మొలక దట్టముగా వచ్చును. పది దినములైనను మొలవలేదని మడిని కెలుకకుడు. దాని స్వభావమే యంత. వేసవిలో ఆకు పెట్టకమునుపే పూతకు పోవు కొత్తిమీర, ఈ దినములలో నిలుకడగా ఆకు వేయును. పది పదునైదు దినముల కొకమాఱు చారెడు ధనియములు చల్లుచుండిన యింట శివరాత్రివఱకు కొత్తిమీరకు కొఱత యుండదు.

పురుగుల సంగతి తప్పించుకొనలేము. క్యాబేజీకి పచ్చని చిన్న గొంగళిపురుగు పట్టి ఆకులను జల్లెడ చేయును. దాని తల్లి, రెక్కలు ముడిచినప్పుడు వీపుపై వజ్రపు ఆకారము కనబడు చిన్న రెక్కలపురుగు. క్యాబేజీకంటె ఆవమొక్కపై గ్రుడ్లు పెట్టుటకు దానికి ప్రీతి మెండు. కావున క్యాబేజీ నాటుటకు పదునైదు దినముల ముందే మడి అంచున ఒక వరుస ఆవాలు చల్లుడు. నాటిన మూడు నాలుగు వారములకు మరల ఒక వరుస. పురుగు ఆవమొక్కపై చేరును. దానిని అక్కడనే నలుపవచ్చును. మిగిలినవానికి వేపగింజల కషాయము. పప్పును దంచి, 50 గ్రాముల పొడిని లీటరు నీటిలో రాత్రియంతయు నానబెట్టి, బట్టతో వడగట్టి, కొంచెము సబ్బు కలిపి సాయంకాలమున చల్లవలెను. తినుబోవు ఆకుపై అంగడిమందు చల్లుటకు నాకు చేయి రాదు. అంగడికూరను ఎవరు ఎప్పుడు ఏ మందుతో తడిపినది మనకు తెలియదు. పెరటికూర విషయములోనైనను తెలిసియుండవలదా?

చిక్కుడునకు మబ్బుదినములలో పేనుబంక పట్టును. చిగురునిండ నల్లని పేలవలె అంటుకొని రసము పీల్చును. ముందుగా చీమలను చూచినచో బంక వచ్చినదని తెలిసికొనుడు. బంక విసర్జించు తీపినీటికొఱకు చీమలు దానిని పశువులవలె కాచుచుండును. తొలినాళ్ళలో నీటిని గట్టిగా కొట్టినను, పొడిబూడిద చల్లినను పోవును. ఎఱ్ఱని వీపుపై నల్లచుక్కలు గల అక్షింతలపురుగు కనబడినచో మాత్రము చంపకుడు, పిల్లలను చంపనీయకుడు. అది బంకను తినును. దాని పిల్ల నల్లగా, గరుకుగా, చూచుటకు అసహ్యముగా నుండుటచే మనవారు మొదట దానినే నలుపుదురు. బంకను ఎక్కువ తినునది ఆ పిల్లయే.

పెరటిలో నేలయే లేని మేడయిండ్లవారు నన్ను క్షమింతురని నమ్ముదును. కాని వారి కీ కాలమే మేలు. వేసవిలో మేడపైని కుండీ కాగి వేళ్ళు ఉడికిపోవును. ఇప్పు డా భయము లేదు. జానెడు లోతు తొట్టిలో మెంతి, కొత్తిమీర, పాలకూర. రెండు జానల కుండలో టొమాటో. కుండ అడుగున నీరు పోవు రంధ్రము విధిగా నుండవలెను. మట్టిలో మూడవపాలు మాగిన ఎరువు కలిపినచో బరువును తగ్గును.

పండ్లచెట్లకు చలికాలములో చేయవలసిన పనికంటె చేయరాని పని ముఖ్యమైనది. పెరటిమామిడికి కార్తిక మార్గశిరములలో నీళ్ళు పోయకుడు. నీరు దొరకిన చెట్టు చిగురువైపు పోవును. చలియు, నేల పొడియు కలిసినప్పుడు పూతవైపు తిరుగును. స్నానపునీళ్ళు మామిడిపాదునకు పోవునట్లు కాలువ త్రవ్విన యిండ్లలో చెట్టు పచ్చగా ఉండి కాపు లేకపోవుట నేను చూచితిని. ఆ కాలువను ఈ రెండు నెలలు అరటివైపు మరల్చుడు. పిందె బఠాణీగింజంత యైన పిదప మామిడికి మరల పెట్టవచ్చును.

జామ మనకు రెండు కాపులు కాయును. వానకాలపు కాయలో పురుగు. చలికాలపు కాయలో తీపి. చలికాలపు కాపు ఎక్కువగా కావలెనన్నచో, వైశాఖములో చెట్టునకు నీరు తగ్గించి ఆ పూతను రాల్చివేయవలెను; తొలకరికి వచ్చు క్రొత్త కొమ్మలపై పూచినది ఈ మాసములలో పండును. ఈ యేటికి ఆ తరుణము దాటినది గనుక గుర్తు పెట్టుకొనుడు. రేగుచెట్టు పెరటిలో ముండ్ల బాధ యని కొట్టివేయుదురు. మూలకు నాటి, ఏటేట వేసవిలో కొమ్మలు నఱికినచో అది అదుపులో నుండును. క్రొత్త కొమ్మకే కాయును గనుక నఱకుట దానికి మేలు. భోగినాడు పిల్లల తలపై పోయు పండ్లకు అంగడికి పోనక్కఱలేదు.

కాలము కావచ్చినది. రేపు విత్తనములకు పోవువారు పొట్లముపై రెండు విషయములు చూడుడు: రకము పేరు, ఏ తేదివఱకు పనికివచ్చునో ఆ తేది. ఇంటికి తెచ్చి పది గింజలను తడిబట్టలో చుట్టి యుంచుడు. వారములో ఏడెనిమిది మొలచినచో విత్తవచ్చును, నాలుగే మొలచినచో తిరిగి యిచ్చివేయుడు. క్యాబేజీ విత్తనమును మన పెరటిలో కట్టుకొనలేము. దాని పూతకు మన చలి చాలదు, ఏటేట కొనవలసినదే. చిక్కుడువిత్తనమున కట్లు కాదు. మీ వీధిలో మంచి పందిరి గల యింటివారిని ఇప్పుడే అడిగి యుంచుడు. మాఘములో ముదిరి ఎండిన కాయలు నాలుగిచ్చిన, వచ్చు శ్రావణమునకు మీకు చాలును.